కుస్తీ బొమ్మకి గాజులెక్కవు

మొన్న మా ఊరికి కొత్త గాజులతను వచ్చాడు. ఏలూరు నుంచేనట. పడవ దిగి, గాజుల మలారం భుజాన వేసుకుని తిన్నగా మా అరుగు మీదికే వచ్చి కూర్చున్నాడు. ఆడవాళ్లందరం చుట్టూ చేరాం. మూట విప్పాడు, మా పెద్ద కోడలి చెయ్యి అందుకున్నాడు, నొక్కాడు, తోశాడు, అయిందన్నాడు. ఇంకొకరి చెయ్యి అందుకున్నాడు. నోట్లోంచి ఒక్క మాట లేదు.

పక్కింటి సుబ్బమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఏవయ్యా, ఏలూర్లో ఇప్పుడు ఏం బొమ్మ ఆడుతోంది?"

"తెలీదండి."

"అదేవిటి! టాకీ హాలు ముందునుంచే కదా వచ్చుంటావు?"

"గాజులమ్ముకునేవాణ్ణండి. బొమ్మల సంగతి నాకెందుకండి?"

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇతను గాజులతనేనా అని నాకు అనుమానం వచ్చింది.

"మరి ఆ పెద్ద సాయిబుగారేరీ?" అని నేనే అడిగాను.

"ఆయన పోయారండి. వానల్లో జ్వరం తగిలింది," అన్నాడు తల ఎత్తకుండా.

సుబ్బమ్మ తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. "మరి బొమ్మల సంగతి మనకెవరు చెబుతారండీ?" అని అడిగింది, అతన్ని కాదు, నన్ను.

ఆయన పేరు మాకెవరికీ తెలియదు. గాజుల సాయిబుగారు అనేవాళ్లం. ఆయన అందరినీ అమ్మా అనేవాడు, నన్ను మాత్రం పెద్దమ్మగారూ అనేవాడు. సన్నగా, పొడుగ్గా, గోరింటాకు పెట్టిన గడ్డంతో ఉండేవాడు. కొల్లేరు లంకలన్నీ పడవ మీద తిరిగేవాడు. సరుకు అయిపోగానే ఏలూరు వెళ్లి కొత్త సరుకు కట్టుకుని, ఆ సాయంత్రం టాకీకి వెళ్లి నేల మీద కూర్చుని బొమ్మ చూసి, మర్నాడు పడవెక్కేవాడు. ఎండాకాలం తాడేపల్లిగూడెంలో డేరా టాకీ వేస్తే అక్కడికీ వెళ్లేవాడు. అందుచేత మా ఊరికి కొత్త గాజులూ కొత్త బొమ్మా కలిసే వచ్చేవి.

ఆడవాళ్ల మొహంకేసి చూసేవాడు కాదు. ఆ మాటకొస్తే చేతికేసీ చూసేవాడు కాదు. ఎదురుగా మా ద్వారబంధం మీద చూపు నిలిపి, చేతి పని చేతికి అప్పగించేసేవాడు. అక్కడే బొమ్మ ఆడుతోందేమోనని మేమూ అటే చూసేవాళ్లం. చూస్తూండగానే గాజు మణికట్టు దగ్గరికి వచ్చి కూర్చునేది.

"చెయ్యి భయపడ్డ పిల్లిలాంటిదండి పెద్దమ్మగారూ. దాని వంక చూడకూడదు. మనకి వేరే పనున్నట్టు ఉండాలి. అప్పుడు అదే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది," అనేవాడు.

ఆ వేరే పనే బొమ్మ. బొమ్మ మంచిదా చెడ్డదా అన్నది ఆయన గాజులతోనే తేల్చేవాడు. మా పెద్దబ్బాయి తెచ్చే పత్రికల్లో కూడా బొమ్మల గురించి రాస్తారు. పాటలు బాగున్నాయనీ, వెలుతురు చాలలేదనీ ఏవేవో ఉంటాయి. నేను వీధిబడిలో రెండో పుస్తకంతో ఆగిపోయినదాన్ని, కూడబలుక్కుని చదివాను. చూసినవాడి చెయ్యి మెత్తబడిందా బిగిసిందా అని ఒక్కరూ రాయలేదు. అది రాయనప్పుడు మిగతాదంతా చదివి ఏం లాభం?

బొమ్మల్ని ఆయన మూడు రకాలుగా విడదీసేవాడు. చల్లని బొమ్మ, తాగుడు బొమ్మ, కుస్తీ బొమ్మ. దేవుళ్ల బొమ్మల జోలికి వెళ్లేవాడు కాదు. "అవి మీకు నాకంటే బాగా తెలుసు కదండీ," అనేవాడు.

చల్లని బొమ్మంటే చివరికి అందరూ ఒక చోట చేరి నవ్వేది. గాజులకి ఇదే శ్రేష్ఠం. ఒక బొమ్మలో తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లవాడు పెద్దవాడై, తెలియక తన తల్లి ఇంట్లోనే పాలేరుగా చేరతాడట. ఒక రోజు అన్నం పెట్టబోతే, "అమ్మగారూ, నాకు గిన్నె అడుగున మాడు పెట్టండి," అంటాడట. తల్లి చేతిలో గరిటె అలాగే ఆగిపోతుందట. చిన్నప్పుడు తన కొడుకు అడిగేది అదే.

"మొదటి సగం నిద్ర బొమ్మండి," అని ఆయన తీర్పు చెప్పాడు. "నా పక్కనొకాయన గురక పెట్టాడు. బొమ్మ కంటే ఆ గురకే బాగుంది. కానీ మాడు దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి లేచి కూర్చున్నాడండి. నిద్రపోయేవాణ్ణి లేపింది కాబట్టి మంచి బొమ్మే. గాజులు మోచేతి దాకా ఎక్కుతాయి."

నిజంగానే ఆ గరిటె దగ్గర ఎంత బిగువు చెయ్యైనా వెన్నలా అయిపోయేది.

దీంతో ఒక చిక్కు వచ్చింది. కథ చేతుల్ని బట్టి నడిచేది. ఒకరి చెయ్యి అయిపోగానే కథ అక్కడ ఆపి, ఇంకొకరి చెయ్యి పట్టుకున్నాకే మొదలెట్టేవాడు. మా పెద్ద కోడలివి మెత్తటి చేతులు. కూర్చున్నంతలో అయిపోయేది.

"నా వంతుకి పిల్లవాడు తప్పిపోవడం కూడా పూర్తి కాలేదండీ! సుబ్బమ్మగారి చేతికేమో మొత్తం తిరనాళ్లంతా చూపించారు," అని గొడవ పెట్టుకుంది.

"ఆవిడ చెయ్యి బిగువండమ్మా. నేనేం చేయను?"

ఇక చూడండి, ఆ తర్వాతి సారి నుంచి ఊళ్లో మెత్తటి చేతులవాళ్లు లేరు! అందరూ వేళ్లు బిర్ర బిగించి కూర్చునేవాళ్లు, కథ తమ చేతి మీద ఎక్కువసేపు నడవాలని. గాజులు చిట్లడం మొదలెట్టాయి. చిట్లినవి అమ్మేవాడికే నష్టం. నేను చూసి చూసి ఒక రోజు లోపలినుంచి వచ్చి, "ఎవరు చెయ్యి బిగిస్తే వాళ్లకి ఇవాళ కథ లేదు. సాయిబుగారూ, పాపం అని ఊరుకోకండి," అన్నాను. చేతులన్నీ దారికొచ్చాయి.

తాగుడు బొమ్మలంటే నవ్వుకోవడానికి. ఒకసారి ఒక ఇంగ్లీషు బొమ్మ చూసి వచ్చాడు. ఏదో దొరల దేశంలో ఒక కుటుంబానికి ద్రాక్ష తోట ఉందట. ఇంటిల్లిపాదీ పళ్లు కోసి సారా చేస్తారట.

"ఇంగ్లీషు మీకెలా అర్థమైందండీ?" అని అడిగింది సుబ్బమ్మ.

"మాటలు అర్థం కాలేదండి. తాగుడు అర్థమైంది."

"ద్రాక్షల్ని దంచుతారా, రుబ్బుతారా?"

"పెద్ద తొట్టిలో పోసి కాళ్లతో తొక్కుతారండి. పెద్దా చిన్నా అంతా తొట్టిలోకి దిగి, పాటలు పాడుతూ."

"ఛీ! కాళ్లతోనా!"

అందరి చేతులూ ఒక్కసారి ముడుచుకుపోయాయి. సాయిబుగారు ద్వారబంధం వంక చూస్తూనే, "కాళ్లు కడుక్కునే దిగారండి. శుభ్రంగా రుద్ది రుద్ది కడుక్కున్నారు. ఆ కడుక్కోవడమే చాలాసేపు చూపించారు," అన్నాడు. చేతులు మళ్లీ విచ్చుకున్నాయి.

ఆ తోట ముసలాయన తాగి తూలే ముచ్చట కూడా చెప్పాడు. తాగినవాడు ముందుకి తూలి ఆగుతాడు కానీ, ఆ వేషం వేసినవాడెవడో ఊరికే పక్కకి ఊగాడనీ, మా పడవల రేవు దగ్గర కల్లు పాక ముందు ఒక సాయంత్రం కూర్చుని ఉంటే నేర్చుకునేవాడనీ అన్నాడు. ఆయన మాత్రం కల్లు ముట్టేవాడు కాదు.

ఆ సారా రంగేమిటని మా పెద్ద కోడలు అడిగింది. మలారంలోంచి ఎర్రటి గాజు ఒకటి తీసి ఎండకి పట్టుకుని, "ఇదిగోండి, ఇదే రంగు," అన్నాడు. ఆ గాజులు ఆ పూటే అయిపోయాయి.

"ఏవండీ సాయిబుగారూ, బొమ్మలో రంగులుండవనీ, అంతా నలుపూ తెలుపేననీ మా పెద్దబ్బాయి అన్నాడే?" అన్నాను నేను.

"ఉండవండి పెద్దమ్మగారూ. లేవు కదా అని మనం ఊరుకుంటామా అండి?"

నన్నడిగితే అన్ని బొమ్మల్లోకీ ఆ ద్రాక్షతోట బొమ్మే బాగుంది. ఇంట్లో ఒక్కరూ ఖాళీగా కూర్చోరు. రసం పిండగా మిగిలిన పిప్పి పశువులకి వేస్తారట. ఏదీ పారేయరు. తాగడం ఒక్కటే వాళ్లలో నాకు నచ్చనిది. నేను టాకీ చూడలేదు. మా పెద్దబ్బాయి బండి కట్టిస్తానన్నాడు కూడా. ఇంటి అరుగు మీదికి వచ్చేదాని కోసం ఏలూరు దాకా వెళ్లడం దండగ.

ఇక కుస్తీ బొమ్మలు. కుస్తీలు, గుర్రప్పందాలు, కర్రసాములు, ఈతలు, అన్నీ ఆయన లెక్కలో కుస్తీలే. బొంబాయి నుంచి వచ్చేవి, హిందీ మాటలవి. ఆయనకి ఆ మాట వచ్చు కాబట్టి ఒక్క ముక్క పోకుండా చెప్పేవాడు. ఆయనకి ప్రాణం కూడా అవే. కానీ చెయ్యి పట్టుకుని ఉండగా చెప్పేవాడు కాదు. గాజులన్నీ అయ్యాక, మూట కట్టుకుంటూ, నిలబడి చెప్పేవాడు. అప్పటికి మగవాళ్లు కూడా చేరేవాళ్లు.

"కుస్తీ బొమ్మకి గాజులెక్కవండి. వినేవాళ్ల పిడికిళ్లు వాటంతటవే బిగుస్తాయి. ఒకసారి భీమడోలులో నోరు జారి చెప్పాను. ఒకావిడ ఆ మీసాల పహిల్వాను మీద కోపం ఆపుకోలేక నా గడ్డం పట్టుకున్నారండి," అనేవాడు.

నాకు కుస్తీ బొమ్మలంటే సరిపడదు. ఒళ్లున్న ఇద్దరు మగాళ్లు పనీపాటా లేకుండా ఇసకలో దొర్లడం, దానికి ఊరంతా చప్పట్లు కొట్టడం. అయినా ఒక్క కుస్తీ బొమ్మని మాత్రం నేనే చెప్పమన్నాను. అది మా చిన్న కోడలి సీమంతం నాడు.

చిన్న కోడలిది చింతలపూడి వైపు. మెట్ట పిల్ల, మాట తక్కువ. మొదటి కాన్పుకి పుట్టింటివాళ్లు సీమంతం చేస్తుంటే, గాజులు తొడిగే ఆవిడ చేతిలో ఒక గాజు ఈ పిల్ల చేతి మీదే చిట్లింది. ఆ బిడ్డ దక్కలేదు. రెండోసారి నెలలు నిండకుండానే పోయింది. పిల్ల ఆ రెండింటినీ ఆ గాజుకే ముడిపెట్టుకుంది. అప్పటినుంచి పాత గాజులే. సాయిబుగారి మలారం అరుగెక్కితే ఆ పిల్ల పెరట్లోకి వెళ్లిపోయేది.

మూడోసారి కడుపు నిలిచింది. సీమంతానికి రోజు చూశాం.

"గాజులొద్దండి అత్తయ్యగారూ. పసుపు రాసి, పూలు పెట్టి ఊరుకోండి," అంది.

"గాజుల్లేకుండా సీమంతమేవిటి? కుదరదు," అన్నాను.

మట్టిగాజు అన్నాక చిట్లుతుంది. దానికీ కడుపులో బిడ్డకీ సంబంధం ఉందంటే నేను నమ్మను. కానీ ఇక్కడ నేను నమ్మడం కాదు కావలసింది. ఊరుకుంటే ఆ భయం ఆ పిల్లతో కాన్పు దాకా పెరుగుతుంది. ఒకవేళ గాజు చిట్లిందా, అంతా అయిపోయిందనుకుని ఆ రోజే మంచం పట్టేస్తుంది. ఒక్కటి కూడా చిట్లకుండా రెండు చేతులూ నిండాలి. సాయిబుగారిని రేవులోనే ఆపి ఈ సంగతంతా చెప్పాను.

"గాజు నా చేతిలో ఉంటుంది కానీ నా మాట వినదండి పెద్దమ్మగారూ," అన్నాడు.

"వినేలా చెప్పండి."

దెందులూరు నుంచి మా ఆడపడుచు, ఆవిడ కోడళ్లు వచ్చారు. ఊళ్లో పేరంటాళ్లంతా వచ్చారు. చిన్న కోడల్ని పీట మీద కూర్చోబెట్టాం. నీరు పట్టి చేతులు ఉబ్బి ఉన్నాయి. సాయిబుగారు చెయ్యి ఇమ్మంటే ఇచ్చింది, పిడికిలి ఇచ్చింది. నేను పసుపు పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

ఆయన ద్వారబంధం మీద చూపు పెట్టి, మాడు పిల్లవాడి కథ ఎత్తుకున్నాడు. కాసేపయింది. పిడికిలి పిడికిలిలాగే ఉంది.

"చివరికి తల్లి గుర్తుపడుతుంది కదండీ," అంది చిన్న కోడలు. "అందరికీ అన్నీ దొరికే బొమ్మలు నాకొద్దండి."

ఆయన ద్రాక్షతోటకి మళ్లాడు. ముసలాయన ఇంకా రెండు గుక్కలు తాగాడో లేదో మా ఆడపడుచు అడ్డుపడింది.

"శుభమా అని సీమంతం చేసుకుంటుంటే సారా కథలేంటండీ? మీ ఊళ్లో ఇదా వరస, వదినా?"

సాయిబుగారు కథ ఆపేశాడు. గాజు ఆయన వేలికే వేలాడుతోంది. అందరూ ఆ పిడికిలి వంకే చూస్తున్నారు. అంతకంటే చెడ్డ పని ఇంకొకటి లేదు.

అప్పుడు చిన్న కోడలే అంది. "మీరు నిలబడి చెప్పే బొమ్మలుంటాయట కదండీ. అవి నేనెప్పుడూ వినలేదు. అది చెప్పండి."

సాయిబుగారు నాకేసి చూశాడు. ఆయన మా ఇంట్లో ద్వారబంధం కాకుండా ఇంకొకటి చూడటం అదే మొదలు.

"చెప్పండి," అన్నాను.

"ఒక ఊళ్లో ఒక కుర్రాడున్నాడండి," అని మొదలెట్టాడు. "కూలివాళ్ల పిల్లవాడు. ఆ ఊరి పహిల్వానుకేమో తాటి మాను లాంటి మెడ. పందెం రోజొచ్చింది. ఇద్దరూ ఇసకలోకి దిగారు. పహిల్వాను కుర్రాడి నడుం పట్టాడు. పైకెత్తాడు. ఎత్తి ఇంకా పట్టుకునే ఉన్నాడు..."

చుట్టూ ఉన్నవాళ్ల పిడికిళ్లన్నీ బిగిశాయి. చిన్న కోడలిది రాయే అయింది.

"దబ్బున పడేశాడండి."

"అయ్యో!" అంది చిన్న కోడలు.

"కుర్రాడు వెల్లకిలా పడి ఉన్నాడు. లేవలేదు. ఆకాశం చూస్తూ పడుకుని, మెల్లగా... ఇంత... ఊపిరి తీసి వదిలాడండి."

ఆ పిల్ల కూడా ఊపిరి వదిలింది. వేళ్లు వదులయ్యాయి. గాజు జారి మణికట్టు మీద కూర్చుంది.

ఇక నాకు అర్థమైంది. బిగిసిన చెయ్యి అలాగే ఉండిపోదు. ఎక్కడో ఒక చోట వదులుతుంది. సాయిబుగారు ఆ వదలడం కోసం కాచుకుని కూర్చున్నాడు. కుర్రాడు లేచాడు, కలబడ్డాడు, గాలిలోకి లేచాడు, పడ్డాడు, ఊపిరి వదిలాడు. ఇంకొక గాజు. మళ్లీ లేచాడు, మళ్లీ పడ్డాడు. ఇంకొకటి. ఎడమ చెయ్యి నిండేసరికి కుర్రాడి ఒళ్లు హూనమై ఉంటుంది.

"ఎన్నిసార్లు పడతాడండీ వీడు! ఇంత చేతకానివాడు పందేనికెందుకు వచ్చినట్టు?" అంది మా ఆడపడుచు.

"ఇంకో చెయ్యి ఉందండి," అన్నాడు సాయిబుగారు.

పేరంటాళ్లంతా గొల్లుమన్నారు. చిన్న కోడలు కూడా నవ్వింది. కుడి చెయ్యి తనే చాచింది. ఈసారి పహిల్వాను కుర్రాణ్ణి ఎత్తగానే సుబ్బమ్మ, "పడెయ్, పడెయ్! గాజు ఎక్కాలి!" అని అరిచింది. పాపం ఆ కుర్రాడి పక్షాన ఒక్కరూ లేరు.

కుడి చెయ్యి కూడా నిండవచ్చింది. ఆఖరి గాజు. కుర్రాణ్ణి పైకెత్తారు. గాజు వేళ్ల కణుపుల మీదికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. సాయిబుగారి బొటనవేలి కింద గాజు చిట్లింది.

ఆయన మొహంలో ఏమీ మారలేదు. "జనమంతా ఒక్కసారి హో... అన్నారండి!" అని గొంతెత్తి పెద్దగా అరిచాడు. పేరంటాళ్లంతా హో అని అందుకున్నారు. ఆ సందడిలో ముక్కలు ఆయన ఎడమ గుప్పిట్లోకి వెళ్లిపోయాయి. కుడి చేత్తోనే మలారంలోంచి ఇంకొకటి లాగాడు. "పడ్డాడు... ఊపిరి వదిలాడు..." గాజు ఎక్కింది.

"గెలిచాడాండీ?" అని అడిగింది చిన్న కోడలు.

"గెలిచాడండమ్మా," అన్నాడు, మూట ఒంటి చేత్తోనే ముడి వేసుకుంటూ. ఎడమ గుప్పిట తెరవలేదు. "గెలవకపోతే మీ ఆడపడుచుగారు ఊరుకుంటారాండీ, పెద్దమ్మగారూ?"

పెరట్లో గోలెం దగ్గర నీళ్లు పోయడానికి నేనే వెళ్లాను. గుప్పిట విప్పాడు. ముక్కలు దిగబడి నెత్తురు కారుతోంది. పళ్లెంలో మిగిలిన పసుపు అద్దాను.

"చిన్నమ్మగారికి తెలియనివ్వకండి," అన్నాడు.

"ఆ మాట నాకు చెప్పాలా?" అన్నాను. ముక్కలు ఏరి కొంగున కట్టుకుని, తర్వాత కొల్లేట్లో వేశాను.

వెళ్తూ వెళ్తూ అన్నాడు. "నిజానికి ఆ బొమ్మలో కుర్రాడు ఒక్కసారే పడతాడండి పెద్దమ్మగారూ. ఇవాళ నా చేతుల్లో వాడి నడుం విరిగుంటుంది."

ఆడపిల్ల పుట్టింది. గట్టి పిండం. ఆ తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా చిన్న కోడలే ముందుగా వచ్చి చెయ్యి చాపేది. గాజు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆ కొత్తతను వెళ్లిపోయాక లోపలికి వెళ్లాను. చిన్న కోడలు పిల్లని ముందు కూర్చోబెట్టుకుని జడ అల్లుతోంది. ఇక దాచిపెట్టి ఎవరికి ఉపయోగం అనిపించింది. పోయిన మనిషి చేసిన పని ఆ పిల్లకి తెలియాలి కూడా. ఆ రోజు గాజు చిట్లిందనీ, ఆయన గుప్పిట్లో దాచాడనీ, నెత్తురు కారిందనీ అంతా చెప్పాను.

ఆ పిల్ల జడ అల్లడం ఆపలేదు.

"తెలుసండి అత్తయ్యగారూ."

"తెలుసా? ఎలా తెలుసు?"

"చిట్లింది నా చేతి మీదే కదండీ. నాకు తెలియకుండా ఉంటుందా?"

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?"

"ఆ రోజు తలెత్తి చూశానండి. మీ చేతిలో పళ్లెం వణుకుతోంది. నేను గానీ భయపడ్డానంటే మీరు తట్టుకోలేరనిపించింది. అందుకని ఏమీ ఎరగనట్టు గెలిచాడా అని అడిగాను."

కసురుకుందామని నోరు తెరిచాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టున్నాయని ఆ పిల్ల లేచింది. సగం అల్లిన జడ నా చేతికిచ్చి వెళ్లింది. మిగతాది నేను అల్లాను.